మార్డెన్‌హోప్ పదో దొర

మా వదిన కెజయాకి వంట రాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నా కడుపుబ్బరం తీరుతుంది. మా అన్నయ్య జోబ్ బతికున్నన్నాళ్ళూ ఆవిడ మాడ్చిన రొట్టె, ఉడికీ ఉడకని బంగాళాదుంపలు తిని, నోరెత్తకుండా బతికి, నోరెత్తకుండానే పోయాడు. ఇల్లు సర్దేది కాదు. నా బాతులంటే ఆవిడకి పడేది కాదు, ఆవిడంటే నా బాతులకీ పడేది కాదు. ఇన్ని చాడీలు చెప్పాను కదా, ఇప్పుడు ఇంకో మాట కూడా చెప్తాను. ఈ మార్డెన్‌హోప్‌లో ఆవిడంత మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చూస్తానన్న ఆశ కూడా లేదు.

చేసే పని మాత్రం మగాళ్ళ పని. మా చర్చిలో గంట కొట్టడం, సమాధులు తవ్వడం. అది వాళ్ళ నాన్న ఏమస్ ప్రోబర్ట్ నుంచి వచ్చింది. ఆయనకి కొడుకులు లేరు. ఉన్న ఒక్క కూతురి చేతికే పార ఇచ్చాడు. ఆవిడ చేతులు రొట్టెలు కాల్చే పెనాల్లా ఉండేవి. మా అన్నయ్య మొదటిసారి ఆ చెయ్యి పట్టుకుని బీరులో వేసే హాప్స్ కోతల పండక్కి తీసుకెళ్ళినప్పుడు, ఎవరు ఎవర్ని లాక్కెళ్తున్నారో తెలీడం లేదని మా అమ్మ పడీ పడీ నవ్వింది.

ఆ గంటతో పాటు ఆవిడకి ఇంకో పని కూడా వచ్చింది. అది ఇంకే ఊళ్ళోనూ లేదు. దాన్ని మేం పిలుపు అంటాం.

మా దొరల బిరుదు తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది. కొడుకు లేకపోతే మగ దాయాదికి. కొత్త దొర మొదటిసారి చర్చికొచ్చే ఆదివారం సరాసరి లోపలికి రావడానికి లేదు. గుమ్మం బయట టోపీ తీసి నిలబడాలి. లోపల గంట తాడు పట్టుకున్న మనిషి మొట్టమొదటి దొర దగ్గర్నుంచి ఒక్కొక్కరికీ ఒక గంట కొట్టి, పేరు చెప్పి, ఆయన చేసిన పని ఒక్కటంటే ఒక్కటి చెప్పాలి. మంచైతే మంచి, చెడైతే చెడు. కానీ నిజం చెప్పాలి. చెప్పగానే ఊరంతా "విన్నాం" అనాలి. ఊరు అలా అంటేనే ఆయన దొరల వరసలో ఉన్నట్టు. ఆఖరి గంట కొత్త దొరది. దానికి ఉత్త పేరే. ఇంకా ఏం చేశాడని చెప్తాం?

ఇది ఎలా మొదలైందో మా అమ్మ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించేది. మూడో దొర రాల్ఫ్ ఊరుమ్మడి బీడుకి కంచె వేయించాడు. రాత్రికి రాత్రి దాన్ని పీకేసిన ప్రోబర్ట్ అన్నదమ్ములిద్దర్నీ ఉరి తీయించాడు. ఆయన పోయాక కొడుకు మైల్స్ నాలుగో దొరై చర్చికొస్తే, ఆ అన్నదమ్ముల చెల్లెలు జోన్ ఊరందర్నీ లోపల పెట్టి తలుపు గడియ వేసేసింది. గంట తాడు పట్టుకుని, మీ వాళ్ళేం చేశారో విని, ఆ తర్వాత లోపలికి రమ్మంది. కొత్త దొర మంచులో నిలబడ్డాడు. కత్తి దూశాడు, తిట్టాడు, సైనికుల్ని పిలుస్తానన్నాడు. చీకటి పడే వేళకి టోపీ తీశాడు. ఆలోచించండి, ఊరందరి మెడలూ ఆయన చేతిలో ఉన్నాయి, ఆవిడ చేతిలో ఉన్నది తాడు ఒక్కటే. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఏ దొరా పిలుపు వినకుండా ఆ గడప దాటలేదు. ఎందుకు దాటలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కావాలంటే తలుపులు బద్దలు కొట్టగల వాళ్ళే. నాన్న నిలబడ్డాడు, తాత నిలబడ్డాడు, నేనూ నిలబడతాను అనుకున్నారేమో. గొప్పింటి వాళ్ళకి ఆ ఒక్క పిచ్చి ఉంటుంది లెండి.

ఈ వరస ఎక్కడా రాసిపెట్టరు. ఏమస్ గోతిలో నిలబడి తవ్వుతూ ఒక్కో దొర పేరూ చెప్తుంటే, గట్టు మీద చిన్న కెజయా మట్టి తోస్తూ తిరిగి చెప్పేది. ఆయన పోయాక చర్చి పెద్దలు గొణిగారు, ఆడమనిషి దొరల్ని పిలవడమేమిటని. అప్పుడు మా వదిన అన్న మాట ఊరంతా చెప్పుకుని నవ్వింది. మొదట తాడు పట్టింది మీ తాతగారా అని అడిగింది. మళ్ళీ ఎవరూ కిక్కురుమనలేదు.

ఆవిడ మొదటి పిలుపు తొమ్మిదో దొర జర్వేస్‌కి. అప్పటికి ఆయన మీసాలింకా సరిగ్గా మొలవని కుర్రాడు. వాళ్ళ నాన్న, ఎనిమిదో దొర, జన్మంతా లండన్‌లోనే గడిపాడు. ఆ మాట పిలుపులో రాకుండా చూడమని ఆయన భార్య, పెద్ద దొరసాని, మా వదినకి ఉన్ని శాలువా పంపింది. నేనైతే ఆ శాలువా చూసి నోరు తెరిచాను. ఎంత మెత్తనిదో! వదిన దాన్ని మడతపెట్టి అదే మనిషి చేత తిప్పి పంపేసింది. ఆదివారం నాడు చెప్పాల్సింది చెప్పింది. బయట నిలబడ్డ కుర్రాడికి చెవులు ఎర్రబడ్డాయి. కానీ చూడండి, ఆ ఒక్క మాట విన్న పాపానికో పుణ్యానికో, ఆయన యుద్ధానికి తప్ప ఇంక ఊరు వదల్లేదు.

యుద్ధం నుంచి కుంటుకుంటూ వచ్చాక లెడ్‌బరీ వైపు యాపిల్ సారాయి తీసేవాళ్ళ అమ్మాయి ఇసొబెల్‌ని చేసుకున్నాడు. గొప్పింటి చుట్టాలు పెళ్ళికి రాలేదు. మేం వెళ్ళాం, రెండు పీపాలు ఖాళీ చేసి వచ్చాం. చాలా ఏళ్ళు పిల్లల్లేరు. కడుపు పండిందని తెలిసిన వసంతంలోనే, వరదొచ్చిన వాగు దాటుతుంటే గుర్రం జారి దొర కింద పడ్డాడు. మళ్ళీ లేవలేదు.

అప్పుడు మొదలైంది చోద్యం. దొర పోయాడు. మగ దాయాది ఒకాయన ఉన్నాడు, ఒస్మండ్ అని, లండన్‌లో ఓడలకి బీమా చేసే ఆఫీసులో పెద్ద ఉద్యోగి. కానీ ఆయన దొర కాదు. కడుపులో ఉన్నది మగపిల్లాడై, ప్రాణంతో పుట్టి ఒక్క ఊపిరి తీస్తే చాలు, వాడే పదో దొర. అది చట్టం. ఆడపిల్లైనా, ప్రాణం లేకుండా పుట్టినా ఒస్మండే పదో వాడు. అందాకా దొరే లేడు. రెండున్నర శతాబ్దాల బిరుదు, యుద్ధాలు చూసింది, రాజుల్ని చూసింది, ఇప్పుడొచ్చి ఒక సారాయి బట్టీ వాళ్ళమ్మాయి కడుపులో ముడుచుకుని కూర్చుంది. ఆవిడ తోటలో నడిచివెళ్తుంటే ముసలాళ్ళు టోపీలు తీసేవాళ్ళు. ఆవిడకా, లోపలున్న వాడికా అని మా ప్రీస్ తాతని అడిగితే, ఇద్దరికీ కలిపి ఒకటే టోపీ, గిట్టుబాటు బేరం అన్నాడు.

హాప్స్ కోతలు అయిపోయే రోజుల్లో, నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. హెరెఫర్డ్ నుంచి డాక్టర్ వచ్చాడు. మగపిల్లాడు. ప్రాణం లేకుండా పుట్టాడని డాక్టర్ చెప్పాడు. లేదు, ఊపిరి తీశాడని తల్లి చెప్పింది. తల్లి మాట ఎవరు వింటారు? రక్తం పోయి, జ్వరంలో ఉన్న మనిషి. దొరల మేడలో అందరూ గుసగుసలాడుకోవడమే తప్ప బాబు అన్న మాట కూడా ఎవరూ అనలేదు. జరిగిన సంగతి అనేవాళ్ళు. ఆవిడ నా కొడుకు అని మొదలెడితే, దాసీలు దిండు సర్ది, ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, పడుకోండి అనేవాళ్ళు.

ప్రాణం లేకుండా పుట్టిన వాళ్ళకి ప్రార్థన ఉండదు. పేరు పెట్టరు. చర్చి ఉత్తరం గోడ పక్కన, ఎండ పడని చోట పెడతారు. గొయ్యి తవ్వింది మా వదినే. పెట్టె కూడా ఆవిడే మేడ దగ్గర్నుంచి మోసుకొచ్చింది. బండి పంపిస్తామంటే వద్దంది. రెండు చేతులతో గుండెకి ఆనించుకుని ఊరి మధ్య నుంచి నడిచొచ్చింది. నేను గుమ్మంలో నిలబడి పలకరించాను. నా వైపు చూడలేదు.

కాస్త లేచి తిరగగలిగిన రోజున ఇసొబెల్ దొరసాని మా వదిన ఇంటికి వచ్చింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. వదిన కాచిన సూపు పారబోసి కొత్తది కాస్తున్నాను. దొరసాని కూర్చోమన్నా కూర్చోలేదు. మొహంలో రక్తం చుక్క లేదు.

"కెజయమ్మా, ఒస్మండ్‌గారు వచ్చే ఆదివారం పిలుపుకి వస్తున్నారు. అందులో నా కొడుకుని పిలుస్తావా?" అంది. "నాకు బిరుదు అక్కర్లేదు. ఈ మేడ అక్కర్లేదు. వాడు పుట్టాడని చెప్పుకోవడానికి నాకు ఇంకో చోటు లేదు."

నేనైతే ఆ క్షణంలో ఎన్ని గంటలు కొట్టమంటే అన్ని కొడతానని మాటిచ్చేసేదాన్ని. మా వదిన ఏమందో తెలుసా? నిజమైతే పిలుస్తాను, నిజమని నాకెలా తెలియాలి అంది. ఆ రాతిగుండెని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. నోటిదాకా తిట్టొచ్చింది. దొరసాని మాత్రం కోప్పడలేదు. అప్పుడు కూర్చుంది. కూర్చుని చెప్పింది.

డాక్టర్ పిల్లాడిని తువ్వాల్లో చుట్టి పక్కన పెట్టేశాడట. ఆవిడకి రక్తం ఆగడం లేదు, అందరూ ఆ కంగారులో ఉన్నారు. ఆవిడ అడగ్గా అడగ్గా, ఊరుకోబెట్టడానికి ఒక దాసీ వాడిని తీసి చేతుల్లో పెట్టి వెళ్ళింది. వాడి మొహం ఆవిడ మెడ కింద ఆనింది. అప్పుడు మెడ మీద వెచ్చగా గాలి తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది. పెదాలు ఏదో వెతుక్కుంటున్నట్టు కదిలాయి. ఆ తర్వాత చల్లబడిపోయాడు. వీళ్ళంతా తన వైపు తిరిగేసరికి ఇంకేం లేదు. అది నీ ఊపిరేనమ్మా అన్నాడట డాక్టర్.

మా వదిన తన ఆ పెద్ద చేతులు ఒళ్ళో పెట్టుకుని అంది:

"నాకూ ఒకడు పుట్టాడు. ప్రాణం లేకుండానే పుట్టాడు. తెల్లారేదాకా గుండెల మీద పెట్టుకున్నాను. ఊపిరి తీస్తున్నాడని అనుకోవాలని ఎంత తాపత్రయపడ్డానో. ఒక్కసారి కూడా అనుకోలేకపోయానమ్మా. తల్లికి తెలుస్తుంది. ఎంత పిచ్చెక్కినా తెలుస్తుంది."

నేను ఆవిడ ఆడపడుచుని. ఎదురిల్లు. ఆవిడకి ప్రాణం లేని పిల్లాడు పుట్టాడని ఊరందరిలాగే నాకూ తెలుసు. కానీ ఆ సంగతి ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. అన్నయ్య దగ్గరైనా అందో లేదో. ఆ మనిషిని పట్టుకుని నేను ఇన్నేళ్ళూ వంట రాదని దెప్పాను.

వాడికి పేరేం పెట్టారని వదిన అడిగింది. ఆంబ్రోస్ అని వాళ్ళ నాన్న అనుకున్నాడని దొరసాని చెప్పింది. వదిన తలూపింది.

"పిలవడం వరకూ నా చేతిలో ఉందమ్మా. విన్నామని అనాల్సింది ఊరు. వాళ్ళు అనకపోతే పిలిచినా పిలవనట్టే. ఆ మాట నేనివ్వలేను."

ఊరు సంగతి నాకు తెలుసు. ఇక్కడ ప్రతి ఇల్లూ, ప్రతి పొలమూ దొరదే. కొత్త దొర ఎలాంటి వాడో ఎవరికీ తెలీదు. కౌలు మార్చుకునే రోజులు దగ్గర్లోనే ఉన్నాయి. సారాయి కొట్టులో ఆ వారమంతా ఇదే మాట. ఒక్కొక్కడినీ విడిగా అడిగితే, పాపం ఆ తల్లి అంటాడు. మరి విన్నామంటావా అంటే, అందరూ అంటే నేనూ అంటాను అంటాడు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని ఎలకలు సభ పెట్టుకున్నట్టే ఉంది.

శనివారం ఒస్మండ్‌గారు స్వయంగా మా వదిన ఇంటికి వచ్చారు. చెడ్డవాడిలా కనిపించలేదు, అదే నాకు చిరాకేసింది. దుర్మార్గుడైతే తిట్టుకోవడానికి వీలుగా ఉండును. బట్టతల, మెరిసే బూట్లు, ఎక్కడ కాలు పెడితే ఏ బాతు రెట్ట తొక్కుతానో అన్న భయం. పిలుపు అంటే తనకి గౌరవమేనని, గుమ్మం బయట నిలబడతానని, తొమ్మిది పేర్లు విని, తర్వాత తన పేరు వింటానని చెప్పాడు. తొమ్మిది అన్న మాట నొక్కి చెప్పాడు.

వదిన, దొరసాని కొడుకు సంగతేమిటని అడిగింది.

"డాక్టర్ చెప్పాడు కదమ్మా. ఆవిడ బాధ నాకు తెలీక కాదు. కానీ లేని మనిషిని తెచ్చి వరసలో నిలబెడితే మా వంశం నవ్వులపాలవుతుంది. లండన్‌లో పదో లార్డ్ మార్డెన్‌హోప్ అని నా పేరు అప్పుడే చెప్పేశాను. అందరూ అలాగే పిలుస్తున్నారు. ఆవిడ ఈ సంగతి మర్చిపోతేనే ఆవిడకి మంచిది."

"పిలుపే వద్దనండి దొరగారూ, మానేస్తాను. తలుపు మీది, గంట మీది. కానీ మొదలుపెట్టాక నాకు తెలిసిన నిజంలో ముక్క దాచడం నాకు చేతకాదు."

ఆయన పైకి చూశాడు. ఈ ఇంటి కప్పు కొత్తగా వేసినట్టుందే, ఎవరు వేయించారు అని అడిగాడు. మీ వాళ్ళేనని వదిన చెప్పింది. ఇల్లు తనదేనని గుర్తుచేస్తున్నాడని నాకే అర్థమైంది. ఆయన వెళ్ళాక నేను వదినని పట్టుకుని ఏడ్చినంత పని చేశాను. ఈ వయసులో ఎక్కడికి పోతావే, నా బాతుల కొట్టంలో పడుకుంటావా అన్నాను. బాతులు ఒప్పుకుంటాయేమో ముందు వాటిని అడుగు అంది. అలాంటప్పుడు కూడా వేళాకోళమే!

ఆదివారం తెల్లారినప్పటి నుంచి ఒకటే వాన. చర్చి కిక్కిరిసిపోయింది. దొరల పెద్ద బల్ల ఖాళీగా ఉంది, ఇసొబెల్ దొరసాని అక్కడికి వెళ్ళలేదు. వెనక్కి వచ్చి, తలుపు దగ్గర నా పక్కన కూర్చుంది. గంట తాడు మాకు చేతికందే దూరంలో వేలాడుతోంది. మా వదిన అన్నయ్య పాత కోటు వేసుకుని తాడు పక్కన నిలబడింది. తలుపు బార్లా తీసి ఉంది. గడపకి అవతల కొత్త దొర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చూరు నీళ్ళు సరిగ్గా ఆయన బట్టతల మీదే పడుతున్నాయి. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

వదిన తాడు లాగింది.

"మొదటి దొర హ్యూ. ఓడిపోయి పారిపోతున్న రాజుకి గుర్రమిచ్చి బిరుదు సంపాదించాడు. ఆ గుర్రం మిల్లు నడిపే ప్రీస్‌ది."

"విన్నాం," అంది ఊరు. ప్రీస్ వాళ్ళు అందరికంటే గట్టిగా అన్నారు.

"రెండో దొర ఫల్క్. ఈ గంట పోత పోయించాడు. మన ఇళ్ళల్లో ఇత్తడి గిన్నెలన్నీ ఎత్తుకుపోయి పోయించాడు."

"విన్నాం."

"మూడో దొర రాల్ఫ్. బీడుకి కంచె వేశాడు. పీకిన వాళ్ళని ఉరి తీయించాడు."

ఆ మాటకి కొత్త దొర భుజాలు కదిలాయి. ఊరు విన్నామంది. నాలుగో దొర మైల్స్ సముద్రం అవతల ద్వీపాల్లో చెరుకు తోటలు కొన్నాడని, తోటలతో పాటు మనుషుల్నీ కొన్నాడని చెప్పింది. ఐదో దొర గైల్స్, ఈత రాకపోయినా పాలేరు కూతురి కోసం వాగులో దూకాడని చెప్పింది. పిల్ల బతికింది, ఆయన పోయాడు. ఆరో దొర ఎడ్మండ్ పియర్ పళ్ళ తోటలన్నీ పేకాటలో పోగొట్టాడు. ఏడో దొర రోజర్ పంటలు కుళ్ళిపోయిన ఏడాది ధాన్యపు కొట్టు తాళం తీసి, తను కూడా ఓట్స్ జావే తాగాడు. ఎనిమిదో దొర లాంబర్ట్ ఈ ఊళ్ళో ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు. ఒక్కో గంట మోగి, దాని రొద గోడల్లో సన్నగిల్లేదాకా ఆగి, అప్పుడు మాట. నేను ఆ పేర్లు చిన్నప్పటి నుంచి విన్నవే. అయినా ఆవేళ కొత్తగా విన్నట్టు విన్నాను. ఒక్క కుటుంబంలో ఇంత చెడు, ఇంత మంచి, ఒకడి వెనక ఒకడు, దాచకుండా నెత్తిన కుమ్మరిస్తుంటే ఆ బయట మనిషి ఎలా నిలబడ్డాడా అనిపించింది. నా వాళ్ళ గురించి ఇలా ఎవరైనా చెప్తే నేను నిలబడగలనా? నిలబడలేను. చెప్పులు అక్కడే వదిలేసి పారిపోతాను.

"తొమ్మిదో దొర జర్వేస్. యుద్ధం నుంచి వచ్చాక, తిరిగిరాని ప్రతి కుర్రాడి ఇంటి తలుపూ తానే తట్టాడు."

ఆ విన్నాంలో సగం గొంతులు జీరపోయాయి. దొరసాని నా చెయ్యి పట్టుకుంది.

కొత్త దొర తన పేరు వస్తుందనుకుని మెడ నిటారుగా పెట్టాడు. వదిన తాడు మీద పట్టు మార్చుకుంది. లాగింది.

"పదో దొర ఆంబ్రోస్. తల్లి మెడ మీద ఊపిరి వదిలాడు."

గంట రొద ఆగిపోయింది. ఎవరూ పలకలేదు. వాన చప్పుడు ఒక్కటే. నేను చుట్టూ చూశాను. ప్రీస్ తాత నేల చూపులు చూస్తున్నాడు. వాళ్ళ కోడలు చంకలో పిల్లని గట్టిగా అదుముకుంది. ఒక్కొక్కరూ పక్కవాడి నోటి వైపు చూస్తున్నారు. పక్కవాడు ఆ పక్కవాడి వైపు. నా పట్టులో దొరసాని వేళ్ళు వదులైపోతున్నాయి. వదిన తాడు వదల్లేదు, ఎవర్నీ బతిమాలలేదు, ఊరికే నిలబడింది. ఇంక చాలు, నా ఇల్లు పోతే పోయింది అనుకుని నేను నోరు తెరిచాను.

నేను అనేలోపే మాట వినిపించింది. బయట నుంచి.

"విన్నాను."

కొత్త దొర. నీళ్ళు కారుతున్న మొహంతో, గడపకి అవతలే నిలబడి. ఆయన లోపల ఏం జరిగిందో నాకు తెలీదు. ఆ తొమ్మిది మంది భారం మోసి మోసి, ఏ పాపం లేని ఒక్కణ్ణి వద్దనడానికి నోరు రాలేదేమో. నాకు తెలిసిందల్లా, ఆ మాట ఆయన మెల్లగా అనలేదు. మొదటి బల్ల దాకా వినబడేలా అన్నాడు. అని, గడప లోపల పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుని, తన వంతు కోసం మళ్ళీ నిలబడ్డాడు.

అప్పుడు ఊరు అంది. విన్నాం అంది. ఆ గోడలు అంత గొంతు ఎప్పుడూ వినలేదు. ప్రీస్ తాత కర్ర నేలకేసి కొట్టి మరీ అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. మా వదిన పదకొండో గంట కొట్టి, పదకొండో దొర ఒస్మండ్ అని పిలిచింది. ఆయన తడి బూట్లతో లోపలికొచ్చాడు. పెద్ద బల్ల వైపు పోకుండా మా దగ్గర ఆగాడు.

ఇసొబెల్ దొరసాని లేచి నిలబడింది. ఆవిడ నోటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు, దిండు సర్దేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

"ఆంబ్రోస్ నా కొడుకండీ," అంది, వీధిలో ఏ తల్లైనా కొత్తవాళ్ళకి చెప్పినట్టే.